సైకియాట్రీ మందులు వాడుతున్నట్టు తెలిస్తే కోర్టులో నా సాక్ష్యం చెల్లదంటారా?

ఉప్పుటేరు (నెల్లూరు)

ముందు ప్రశ్న అడిగేస్తా, వివరం తర్వాత చెప్తా. నేను ఒక ఎస్సీ ఎస్టీ కేసులో సాక్షిని. కొన్నాళ్లుగా సైకియాట్రీ ఓపీకి వెళ్తున్నా, మందులు రాశారు. వాయిదా దగ్గర పడింది. అవతలి లాయరు లేచి "ఈవిడ పిచ్చికి మందులు మింగుతోంది, ఈవిడ మాటేం నమ్ముతారు సార్" అంటే కేసు పోతుందా? ఈ టెన్షన్‌తో రాత్రి మాత్ర చేతిలోకి తీసుకుని మళ్లీ డబ్బాలో పెట్టేస్తున్నా.

ఇప్పుడు వివరం. నేను ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఫీల్డు వర్కర్ని. సముద్రం వైపు మండలాలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ఆ పక్కంతా నాదే. యానాది గిరిజనుల్లో వెట్టి కేసులు చూస్తాం. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, వెట్టి అంటే సంకెళ్లు వేసి కట్టేయడం కాదు. రొయ్యల చెరువు కాపలాకి మొగుడూ పెళ్లాం వెళ్తారు. ముందు కొంత అడ్వాన్సు ఇస్తారు. మేత చల్లాలి, రాత్రంతా ఏరేటర్లు, అంటే చెరువు నీళ్లకి గాలి పట్టించే మిషన్లు, చూడాలి, కరెంటు పోతే జనరేటరు వెయ్యాలి. జీతంలో అడ్వాన్సు పట్టుకుంటారు, చనిపోయిన రొయ్యల్ని పట్టుకుంటారు, జ్వరమొస్తే ఇచ్చిన మాత్రల డబ్బులూ పట్టుకుంటారు. లెక్క ఎప్పటికీ తెగదు. సొంత అన్న చచ్చిపోయాడన్నా గట్టు దిగనివ్వరు. 1976 వెట్టి చాకిరీ రద్దు చట్టం ప్రకారం ఆ బాకీ చెల్లదు. ఆ మాట గట్టు మీద చెప్పి చూడండి, తెలుస్తుంది.

ఈ కేసులో జంటని రెవెన్యూ వాళ్లతో కలిసి వెళ్లి బయటికి తీసుకొచ్చాం. స్టేట్‌మెంటు రాసుకునేటప్పుడు ఆమెకి కుర్చీ వేశాం. ఎంత బతిమాలినా కూర్చోలా, కింద బండల మీదే కూర్చుంది. "అడ్వాన్సు ఎంత తీసుకున్నారమ్మా" అని అడిగితే ఆమె మొగుడి మొహం చూసింది. మొగుడేమో తలుపు దగ్గర నిలబడ్డ చెరువు గుమాస్తా మొహం చూశాడు. బిడ్డ మాత్రం వెంట తెచ్చుకున్న మేత సంచి మీద బోర్లా పడి నిద్రపోయింది. విడుదల సర్టిఫికెట్ వచ్చింది. కేసు పెట్టారు. బెదిరింపులు కూడా వచ్చాయి, మా ఇంటి ఎదురు టీ కొట్టులో తెలియని మొహాలు గంటలు గంటలు కూర్చునేవి. వాటికి నేను భయపడలేదంటే అబద్ధం, కానీ అవి నాకు అలవాటే.

నన్ను దెబ్బ తీసింది వేరే. కొన్ని నెలల తర్వాత ఇంకో మండలంలో ఇంకో చెరువు గట్టు మీద అదే జంట కనిపించింది. ఆయన దాక్కోలేదు. "అక్కా, డబ్బులు రాలా. ఏం తినమంటావు?" అన్నాడు. వెంటనే ఇవ్వాల్సిన సాయమే 30 వేల వరకు ఉంది స్కీములో. మగమనిషికి లక్ష, ఆడమనిషికి 2 లక్షలు పునరావాసం. అన్నీ కాగితం మీద ఉన్నాయి. ఫైలు ఏ టేబుల్ మీద ఉందో కనుక్కోవడమే నా ఉద్యోగంలో సగం. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఇంటికొచ్చి అన్నం కూడా తిన్నా. ఆ రాత్రి నుంచే నిద్ర లేదు.

నిద్ర పడితే ఏరేటర్ల చప్పుడు. లేచి చూస్తే సీలింగు ఫ్యాను. నెల్లూరు మే నెలలో ఫ్యాను ఆపుకుని పడుకునే మనిషిని ఎక్కడైనా చూశారా? మా ఇంట్లో ఉంది. మా ఆయన, పిల్లాడు చాప తీసుకుని మిద్దె మీదికి పోయారు. రొయ్యల వేపుడు వాసనొస్తే కడుపులో తిప్పుతోంది, ఈ ఊళ్లో ఆ వాసన తగలకుండా వీధి దాటగలమా? ఫోను మోగితే గుండె దడ, మోగకపోతే ఇంకా దడ. పిల్లాడికి ఇంటర్‌లో మంచి మార్కులొస్తే స్వీట్లు తెచ్చి పంచా గానీ, నాలో ఏమీ కదల్లేదు. దానికే ఎక్కువ భయమేసి డాక్టరు దగ్గరికి పోయా.

మా ఆయన "మానెయ్, జిరాక్సు షాపులో కూర్చో" అంటాడు. సంస్థలో ఇంకా చెప్పలేదు. మా ప్రాజెక్టు బడ్జెట్లో పెట్రోలుకి లైనుంది, జిరాక్సుకి లైనుంది, బ్యానర్లకి కూడా ఉంది. పనిచేసే మనిషికి లేదు. చెప్తే "సేవ చేసేవాళ్లకి స్ట్రెస్ ఏందమ్మా" అనే రకం మావాళ్లు. చెప్పాలా వద్దా? మానేస్తే ఇది తగ్గుతుందా? అన్నిటికంటే ముందు కోర్టు సంగతి చెప్పండి.

ఒంగోలు వకీలు

అక్కా, కోర్టు సంగతి వరకు నేను చెప్తా.

మీ సాక్ష్యం చెల్లుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 124వ సెక్షను, పాత ఎవిడెన్స్ యాక్టులో 118. అడిగిన ప్రశ్న అర్థం చేసుకుని, సరిగ్గా జవాబు చెప్పగలిగిన ఎవరైనా సాక్షే. మానసిక జబ్బున్న మనిషి కూడా ఆ రెండూ చెయ్యగలిగితే సాక్ష్యం చెప్పొచ్చని ఆ సెక్షనులోనే ఉంది. మీరు ఇంత వివరంగా ఇక్కడ రాశారంటే ఆ పరీక్ష ఎప్పుడో పాసయ్యారు.

రెండోది, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 3వ సెక్షను 5వ క్లాజు. జబ్బుందని డాక్టరు తేల్చినంత మాత్రాన ఆ మనిషికి మతి స్థిమితం లేదనడానికి వీల్లేదు, తగిన కోర్టు అలా ప్రకటిస్తే తప్ప. అదే చట్టం 23వ సెక్షను ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యం. కోర్టులాంటి అధికారం ఉన్నవాళ్లు ఉత్తర్వు ఇస్తే వేరు గానీ, అవతలి లాయరు ఆసుపత్రికి పోయి మీ చీటీ అడిగితే ఇచ్చే పని లేదు.

మరి క్రాస్‌లో, అంటే అవతలి లాయరు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు, అడగడా? అడగొచ్చు. మా వాళ్ల సంగతి నాకు తెలీదా. అవమానించడానికే అడిగే ప్రశ్నల్ని జడ్జిగారు ఆపొచ్చు, కానీ అప్పటికప్పుడు లేచి అభ్యంతరం చెప్పే మనిషి కావాలి. అందుకే మీ స్పెషల్ పీపీగారికి, అంటే ఈ కేసులో ప్రభుత్వం తరపు లాయరుకి, ముందే ఒక మాట చెవిన వెయ్యండి. ఆయనకి కోర్టు హాల్లో మొదటిసారి తెలియకూడదు. అడిగితే మాత్రం దాచొద్దు, ప్రమాణం చేసి ఉంటారు. "మందులు వాడుతున్నారా?" "వాడుతున్నానండి, నిద్ర పట్టక డాక్టరు రాశారు." అక్కడితో ఆగండి. ఎందుకు, ఎప్పటినుంచి అని మీరే విప్పుకుంటూ పోవద్దు. మాట్లాడటం అలవాటైన కార్యకర్తలు బోనెక్కి ఉపన్యాసమిస్తారు, అదే మాకు తలనొప్పి. కోప్పడకండి, నిజం.

ఇంకోటి. మీరు గట్టు మీద చూసింది, స్టేట్‌మెంటు రాసింది, సర్టిఫికెట్ వచ్చింది, ఇవన్నీ మీరు ఓపీకి పోకముందే జరిగాయి కదా. ఆ తేదీలు కాగితాల మీదే ఉన్నాయి. వాటిని మాత్రలు మార్చలేవు.

టీ కొట్టు మొహాల గురించి కూడా. ఎస్సీ ఎస్టీ చట్టానికి 2015లో చేసిన సవరణతో 15ఎ సెక్షను వచ్చింది, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. బాధితులకే కాదు సాక్షులకీ రక్షణ, ప్రయాణ ఖర్చులు అందులో ఉన్నాయి. బస్సు ఛార్జీ అడగడానికి మొహమాటపడకండి. అది కాక 2018 సాక్షుల రక్షణ పథకం ఉంది, సుప్రీంకోర్టు ఆమోదించి అన్ని రాష్ట్రాలూ పాటించాలని చెప్పింది. జిల్లా జడ్జి, జిల్లా పోలీసు అధికారి, ప్రాసిక్యూషన్ అధికారి ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఎవరు, ఎన్నిగంటలకి, బండి నంబరు ఏంది, ఇవి రాసిపెట్టుకున్నారా?

నైట్‌డ్యూటీ

నేను ఒక ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ వార్డులో నర్సుని. ఏ ఊరో అడక్కండి.

అక్కా, మాత్ర డబ్బాలో పెట్టెయ్యడం ఆపండి. రోజు మార్చి రోజు వేసుకుంటే మందు పనిచెయ్యక, పైపెచ్చు తల తిరగడం, చిరాకు ఎక్కువవుతాయి. మీకు రాసింది రెండు రకాలై ఉంటుంది. ఒకటి నిద్రకి, కొన్నాళ్లే ఇస్తారు. ఇంకోటి మనసుకి, అది అందుకోవడానికి రెండు మూడు వారాలు పైన పడుతుంది. చాలామంది వారం వాడి "ఏం తేడా లేదు" అని మానేస్తారు, సరిగ్గా అది మొదలయ్యే టైముకి. పొద్దున మత్తుగా ఉంటే, కోర్టు తేదీ ఉందంటే, డాక్టరుకి చెప్పండి. టైమో డోసో మారుస్తారు. మీరుగా మార్చుకోవద్దు.

మీరు రాసినది చదువుతుంటే నాకు వింతగా ఏం అనిపించలేదు. దెబ్బ తిన్నవాళ్ల కథలు రోజూ విని, రాసి, మళ్లీ మళ్లీ చెప్పేవాళ్లకి ఆ దెబ్బ లక్షణాలే వస్తాయి. కలలు, చప్పుళ్లు, వాసనలు, సంతోషం తగలకపోవడం. పుస్తకాల్లో దీనికి పేర్లున్నాయి, సెకండరీ ట్రామా అంటారు. పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడాన్ని బర్నౌట్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన జాబితాలో రాసింది, జబ్బుగా కాదు, పని వల్ల వచ్చే స్థితిగా. మీకు రెండూ కలిసొచ్చినట్టుంది, అది తేల్చాల్సింది మీ డాక్టరు.

మా ఓపీలో ఒకామె ఉండేది, ఏ సంఘమో చెప్పను. దెబ్బలు తిన్న ఆడవాళ్లని తీసుకొచ్చేది. చేతిలో నీలం ఫైలు, అందులో వచ్చినామె ఆధార్ జిరాక్సు, రేషను కార్డు, ఫోటోలు, అన్నీ వరసగా. డాక్టరు అడగకముందే తీసిచ్చేది. ఒకరోజు మేడమ్ చెయ్యి వణకడం చూసి "నీకెన్నాళ్ల నుంచమ్మా ఇది" అని ఆమెనే అడిగారు. ఆమె అలవాటుగా ఫైలు తెరిచి, పేషెంటు చీటీ వెతకడం మొదలుపెట్టింది. తనని అడిగారని అర్థం కావడానికి కాసేపు పట్టింది.

ఒక్కటి సూటిగా అడుగుతాను, అడగడం మా డ్యూటీ. చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందా? వస్తే ఇక్కడ రాయక్కర్లేదు, రేపటిదాకా ఆగొద్దు. 14416 కి చెయ్యండి, టెలిమానస్. 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఏ రాత్రయినా దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వచ్చెయ్యండి.

పచ్చినిజం

ఎన్జీవో జీతాలు తీసుకుంటూ డిప్రెషన్లేంది? ధర్నాల్లో మైకు పట్టుకున్నప్పుడు లేదే టెన్షన్? పొద్దున లేచి పొలం పోయే రైతుకి లేని రోగాలు వీళ్లకే వస్తాయి.

టంగుటూరు కుర్రోడు

రైతుకి లేదని నీకెవరు చెప్పారన్నా? 2015లో పొగాకు ధర పడిపోయినప్పుడు మా టంగుటూరు, కొండపి వైపు ఏం జరిగిందో ఒకసారి వచ్చి అడుగు. వేలం కేంద్రంలో బేళ్లు వెనక్కి పంపితే మా పెద్దనాన్న రాత్రిళ్లు పొగాకు కాల్చే బ్యారన్ చుట్టూ తిరిగేవాడు. అప్పుడు మా ఇంటికొచ్చి బ్యాంకు కాగితాలు చూసి, ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోయింది ఈ అక్కలాంటి మనిషే. జీతమెంతో అడిగితే నవ్వింది.

చీరాల పెద్దాయన

ఆ పచ్చినిజం అనేవాడి మాట వదిలెయ్ తల్లీ.

నేను 1985లో చీరాలలో కారంచేడు శిబిరంలో పనిచేసిన కుర్రాణ్ణి. జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు, మిగిలినవాళ్లు కట్టుబట్టలతో చీరాల వచ్చారు. అప్పుడది ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. నా చేతిరాత బాగుంటుందని అర్జీలు రాసే పని నాకిచ్చారు. ఒకే సంగతి కలెక్టరుకి, ఎస్పీకి, మంత్రికి, పేపరుకి. చనిపోయినవాళ్ల పేర్లు ఎన్నిసార్లు రాశానో, తర్వాత చాలా ఏళ్లు కొత్త పెన్ను కొంటే గీసి చూడటానికి చెయ్యి ఆ పేర్లే రాసేది. సుప్రీంకోర్టులో చివరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. లెక్కేసుకో. అప్పటికి మాలో కొందరు తాగుడుకి పోయారు, కొందరు ప్రార్థనకి పోయారు. ఇద్దరూ నిద్ర కోసమే పోయారని నా అనుమానం. డాక్టరు దగ్గరికి పోవచ్చని మాకెవరికీ తట్టలా. నువ్వు పోయావు, మంచి పని చేశావు.

కానీ మాకు ఒకటుండేది. రాత్రి పది దాటాక శిబిరం బయట కూర్చుని ఒకళ్లనొకళ్లు తిట్టుకునేవాళ్లం. నాయకుల్ని తిట్టేవాళ్లం, పోలీసుల్ని తిట్టేవాళ్లం, ఉప్మాలో ఉప్పెక్కువైందని వంటాయన్ని తిట్టేవాళ్లం. ఏడ్చేవాళ్లు ఏడ్చేవాళ్లు. అందరం ఒకచోటే ఉండేవాళ్లం కాబట్టి ఎవరికి ఏమయిందో ఇంకొకళ్లకి తెలిసేది. ఇప్పుడు మీ పని చూస్తే ఒక్కో మనిషికి నాలుగు మండలాలు, ఒక బండి, ఒక ఫోను. ఆ ఫోను రాత్రి కూడా నీ దిండు కిందే. పక్క మండలం కార్యకర్తని నువ్వు చూసి ఎన్నాళ్లయింది? నెలకొకసారి మీటింగులో రిపోర్టు చదవడం కాదు నేనడిగేది.

ఫోను వంతులేసుకోండి. రాత్రి ఫోను వారానికొకరి దగ్గర. అది నీ సొంత నంబరు కాకూడదు, సంస్థ సిమ్ము. మా కాలంలో ల్యాండు ఫోను ఒక్కటే కాబట్టి దేవుడే వంతులేశాడు.

ఇంక ఆ జంట సంగతి. వాళ్లు మళ్లీ చెరువుకి పోవడం నువ్వు ఓడిపోయినట్టు రాసుకుంటున్నావు. ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వనివాడిది ఆ ఖాతా, నీది కాదు. వాళ్లు నిన్ను చూసి దాక్కోలేదన్నావే, "అక్కా" అని పిలిచి మరీ అడిగాడన్నావే. ఎదురు తిరిగి అడిగే ధైర్యం వచ్చిందంటే రెవెన్యూ ఆఫీసులో బండల మీద కూర్చున్న మనుషులు వాళ్లు కారు ఇప్పుడు.

మానెయ్యాలా అన్నావు. కొన్నాళ్లు మానెయ్. నేను 1990లో రెండేళ్లు మానేసి కిరాణా కొట్టు పెట్టా. కొట్టు దివాళా తీసింది గానీ నిద్ర వచ్చింది.

కావలి మాజీ కోఆర్డినేటరు

సంస్థలో చెప్పాలా అన్నదానికి. చెప్పండి, కానీ అందరికీ కాదు. పైనున్న ఒక్కరికి, కాగితం మీద. "ఆరోగ్యం బాలేదు, డాక్టరు సలహా మీద సెలవు కావాలి" చాలు, ఏ డాక్టరో రాయక్కర్లేదు.

బడ్జెట్లో మనిషికి లైను లేదన్నారు. నేను చూసినంతలో కారణం కొంత మనసు, కొంత చట్టం. 2020లో విదేశీ విరాళాల చట్టం మార్చి, పరిపాలన ఖర్చు 50 శాతం దాకా ఉండేదాన్ని 20 శాతానికి తెచ్చారు. బయటి డబ్బుతో నడిచే సంస్థల్లో ముందు కోసింది ఇలాంటివే. నేను సీట్లో ఉన్నప్పుడు ఫీల్డు వాళ్లతో కౌన్సెలరు కూర్చోవడాన్ని ట్రైనింగు కింద పెట్టి దాతల్ని ఒప్పించేవాణ్ణి, ప్రపోజల్ రాసేటప్పుడే, మధ్యలో కాదు. కొందరు ఒప్పుకున్నారు. అడిగితే "మాకిదే మొదటిసారి, ఎవరూ అడగలేదు" అన్న దాతలు కూడా ఉన్నారు, నమ్మండి. మీ సంస్థ స్థానిక చందాలతో నడుస్తుంటే ఈ గొడవే లేదు, అప్పుడు సాకు చెప్తున్నారన్నమాట.

ఉప్పుటేరు (నెల్లూరు)

అందరికీ పేరుపేరునా నమస్కారం. టంగుటూరు తమ్ముడూ, మీ పెద్దనాన్న ఇప్పుడెలా ఉన్నారు?

నర్సక్కా, చావాలని కాదు. పెన్నా బ్యారేజీ మీద బండి ఆపి, ఇటు ఇంటికీ పోబుద్ధి కాక, అటు ఫీల్డుకీ పోబుద్ధి కాక నిలబడిపోయిన రోజులున్నాయి. ఎవరికీ దొరక్కుండా పోవాలని. ఈసారి ఓపీలో ఇది కూడా చెప్తా, ఇన్నాళ్లూ నిద్ర వరకే చెప్పా. నిన్న రాత్రి మాత్ర వేసుకున్నా. పొద్దున మత్తుగానే ఉంది.

పెద్దాయనా, మీరు ఆ జంట గురించి రాసింది మా ఆయనకి చదివి వినిపించా. ఆయనేమీ అనలా, మిద్దె మీంచి చాప మాత్రం ఇంకా దించలా. కొట్టు సంగతి చదివి "చూశావా, జిరాక్సు షాపు అంతకంటే నయం" అన్నాడు. రాత్రి ఫోను గురించి పక్క మండలం అమ్మాయికి చేశా. ఆ పిల్ల వినీ వినకముందే ఏడ్చింది. నాకంటే పదేళ్లు చిన్న. వచ్చే ఆదివారం మైపాడు బీచికి వెళ్దామనుకున్నాం, ఫైళ్లు లేకుండా. రాత్రి సిమ్ము తను, నేను, ఇంకొకరు మారుస్తాం. మూడో మనిషి ఇంకా దొరకలా.

వకీలన్నా, ఒక డౌటు. టీ కొట్టు దగ్గర బండి నంబర్లు రాసిపెట్టా, టైములూ ఉన్నాయి, రెండు ఫోటోలు మా పిల్లాడు తీశాడు. దరఖాస్తు నేనే పెట్టాలా, సంస్థ లెటర్‌హెడ్ మీద పెట్టాలా? పెడితే ఆ విషయం అవతలి వాళ్లకి తెలిసిపోతుందా?

ఒంగోలు వకీలు

మీరే పెట్టండి, మీ పేరు మీద. సాక్షి మీరు, సంస్థ కాదు. మీ ఇంట్లోవాళ్లయినా, మీ తరపు లాయరయినా పెట్టొచ్చు. పథకంతో పాటే ఫారం ఉంది, దాన్ని కమిటీ మెంబర్ సెక్రటరీకి, అంటే జిల్లా ప్రాసిక్యూషన్ అధికారికి ఇవ్వాలి. దాని మీద పోలీసుల దగ్గర్నుంచి ముప్పు ఎంతుందో రిపోర్టు తెప్పిస్తారు, 5 పనిదినాల్లో రావాలని పథకంలో రాసుంది. విచారణ గోప్యంగానే జరపాలి, అవతలి వాళ్లకి కాపీ ఇవ్వరు. కానీ స్టేషన్ల నుంచి మాటలు ఎలా బయటికొస్తాయో మీకు చెప్పక్కర్లేదు, కాబట్టి దరఖాస్తు పెట్టిన రోజే పీపీగారికి కూడా ఒక కాపీ ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. పిల్లాడి పేరు ఫోటోల విషయంలో రాయొద్దు. ఒరిజినల్ ఫోటోలు ఆ ఫోనులోనే ఉంచండి, వాట్సాప్‌లో పంపుకుంటే తేదీ, టైము వివరాలు పోతాయి. లెటరు రాశాక పేర్లు కొట్టేసి నాకు మెసేజ్‌లో పంపండి, చూసి పెడతా.